క్యాన్సర్ చికిత్స నడుస్తుండగా సర్పి వస్తే: తొలి మంట నుంచి నొప్పి తగ్గేదాకా ఏం చేయాలి

క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న రోజుల్లో వీపుకో నడుముకో ఒక పక్కన మంట మొదలైతే చాలామంది దాన్ని కూడా చికిత్స ఖాతాలోనే వేసేస్తారు. మందు పడక వచ్చిన దద్దురేమో, పడుకున్న తీరు సరిగా లేదేమో, వచ్చే వారం ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా అని సరిపెట్టుకుంటారు. ఆ మంట షింగిల్స్ అయితే, అంటే మనం సర్పి అని పిలిచే జబ్బు అయితే, అలా సరిపెట్టుకున్న రెండు మూడు రోజులే అన్నిటికంటే విలువైనవి. సర్పికి మందు ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తుంది. అయితే ఆ మందును మీ క్యాన్సర్ మందులతో, మీ రక్తపరీక్షలతో, మీ కిడ్నీల స్థితితో కలిపి ఆలోచించవలసింది మీకు క్యాన్సర్ వైద్యం చేస్తున్న ఆంకాలజీ బృందమే. కింద చెప్పినదంతా ఆ బృందంతో కలిసి మీరూ, మీ ఇంటివారూ చేయవలసిన పని గురించే తప్ప, వారికి బదులుగా సొంతంగా చేసుకునే వైద్యం గురించి కాదు.

ఇది ఎందుకు వస్తుంది, ఎవరికి ఎక్కువగా వస్తుంది

ఎప్పుడో చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వారిసెల్లా జోస్టర్ అనే వైరస్, పొక్కులు మాని పెచ్చులు ఊడిపోయాక కూడా శరీరాన్ని విడిచిపోదు. వెన్నుపాముకు ఇరువైపులా, తలలోని కొన్ని నరాల మొదళ్ళలో ఉండే నాడీకణాల ముడుల్లో చేరి దశాబ్దాల తరబడి అణిగి ఉంటుంది. దాన్ని అలా అణచి ఉంచేవి ముఖ్యంగా టి కణాలనే తెల్ల రక్తకణాలు. వయసు మీద పడటం వల్లనో, జబ్బు వల్లనో, మందుల వల్లనో ఆ కాపలా సడలినప్పుడు వైరస్ మళ్ళీ మేల్కొని, సాధారణంగా ఒక నరం వెంటే చర్మం దాకా ప్రయాణిస్తుంది. అందుకే సర్పి శరీరానికి ఒక పక్కన మాత్రమే, ఆ నరం పరిధిలోనే పట్టీగా వస్తుంది. సర్పి బయటినుంచి కొత్తగా అంటుకునేది కాదనీ, పాత ఆటలమ్మ వైరస్సే లోపలినుంచి మేల్కొంటుందనీ ఇంగ్లండులో సామాన్య వైద్యుడిగా పనిచేసిన ఎడ్గర్ హోప్-సింప్సన్ 1965లో తన రోగుల వివరాల ఆధారంగా సిద్ధాంతీకరించారు. కాబట్టి ఇది ఎవరి దగ్గర తగులుకుందోనని ఆరా తీస్తూ మనసు పాడుచేసుకోవలసిన పని లేదు.

క్యాన్సర్ రోగులందరిలోనూ ముప్పు ఒకేలా ఉండదు. లింఫోమా, మైలోమా, లుకేమియా వంటి రక్త సంబంధమైన క్యాన్సర్లు ఉన్నవారికీ, మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి చేయించుకున్నవారికీ ఇది అందరికంటే ఎక్కువ. బోర్టెజోమిబ్, కార్ఫిల్‌జోమిబ్ వంటి మైలోమా మందులు, ఫ్లూడారబిన్, బెండాముస్టిన్, రక్సోలిటినిబ్, ఎక్కువ రోజులు వాడే డెక్సామెథసోన్ లేదా ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఈ ముప్పును పెంచుతాయి. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు వంటి అవయవాల క్యాన్సర్లకు కీమో తీసుకునేవారికీ ఇది రాకపోదు. కీమో మొదలుకాక ముందూ రావచ్చు, ముగిశాక నెలల తరువాతా రావచ్చు.

మొదటి అడుగు: పొక్కుల కంటే ముందే గుర్తుపట్టడం

సర్పి సాధారణంగా నొప్పితోనే మొదలవుతుంది. ఒకటి నుంచి అయిదు రోజుల ముందే ఒక పక్కన మంట, చురుకు, తిమ్మిరి, దురద లేదా చర్మానికి బట్ట తగిలితేనే ఓర్చుకోలేని బాధ కనిపిస్తుంది. ఛాతీ మీద వస్తే గుండెనొప్పి అనీ, కడుపు మీద వస్తే పిత్తాశయమో కిడ్నీ రాళ్ళో అనీ, వీపున వస్తే క్యాన్సర్ ఎముకకు పాకిందేమో అనీ భయపడటం సహజం. ఛాతీనొప్పిని మాత్రం సర్పి అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. గుండె సంగతి ముందు తేల్చుకోవాలి.

తరువాత అదే చోట ఎర్రటి మచ్చలు లేచి, వాటి మీద గుత్తులుగా నీటి పొక్కులు వస్తాయి. కొత్త పొక్కులు మూడు నుంచి అయిదు రోజుల పాటు వస్తూనే ఉంటాయి, వారం పది రోజుల్లో ఎండి పెచ్చు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో చర్మం మానుతుంది. ఇది ఆరోగ్యవంతుల లెక్క. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో కొత్త పొక్కులు ఇంకా ఎక్కువ రోజులు రావచ్చు, పుండ్లు లోతుగా ఉండవచ్చు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే పొక్కుల్లో రక్తం చేరవచ్చు. అసలు పొక్కులే సరిగా కనిపించకుండా కేవలం నొప్పిగానో, మామూలు దద్దురుగానో కూడా ఉండవచ్చు.

రేడియేషన్ తీసుకుంటున్నవారికి మరో చిక్కు ఉంది. రేడియేషన్ పడిన చోట చర్మం ఎర్రబడి మండటం మామూలే కనుక, అదే చోట వచ్చిన సర్పి దానిలో కలిసిపోతుంది. రేడియేషన్ వల్ల వచ్చే ఎరుపు సాధారణంగా కిరణాలు పడిన హద్దుల్లోనే మెల్లగా, ఒకే తీరుగా పెరుగుతుంది. సర్పి ఆ హద్దును దాటి నరం వెంట వీపు నుంచి ముందుకు వంపుగా సాగుతుంది, గుత్తులుగా పొక్కులు లేస్తాయి, పైకి కనిపించే దానికంటే నొప్పి ఎక్కువగా ఉంటుంది. మందు పడక వచ్చే దద్దురు అయితే ఎక్కువగా శరీరానికి రెండు పక్కలా కనిపిస్తుంది. ఒకే పక్కన, ఒకే పట్టీలో, నొప్పితో కూడిన దద్దురు కనిపిస్తే కాదని రుజువయ్యేదాకా సర్పి అనే అనుకోవాలి. అనుమానం మిగిలితే డాక్టర్లు పొక్కు అడుగున దూదిపుల్లతో అద్ది, వైరస్‌ను గుర్తించే పీసీఆర్ పరీక్షకు పంపిస్తారు. చూడగానే తెలిసే సందర్భాల్లో మాత్రం ఆ ఫలితం కోసం మందు ఆపరు.

రెండో అడుగు: అదే రోజు ఫోన్ చేయడం

గుర్తుపట్టిన వెంటనే, మరునాటికి వాయిదా వేయకుండా, మీ ఆంకాలజీ విభాగం ఇచ్చిన అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. సెలవు రోజైనా, రాత్రయినా సరే. దద్దురు మొదలైన 72 గంటలలోగా వైరస్ మందు మొదలుపెట్టడం మేలన్నది స్థిరపడిన నియమం. ఆ గడువు దాటిపోయిందని నిరాశపడి ఊరుకోవడం కూడా తప్పే, ఎందుకంటే రోగనిరోధక శక్తి తగ్గినవారికి 72 గంటలు దాటాక కూడా, ముఖ్యంగా కొత్త పొక్కులు వస్తూనే ఉంటే, మందు ఇస్తారు.

నొప్పిలో, కంగారులో ఏం చెప్పాలో తోచదు కాబట్టి చెప్పవలసినది ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది. మాట ఇలా ఉండవచ్చు: "నాకు లింఫోమాకు కీమో నడుస్తోంది. ఆఖరి డోసు గురువారం తీసుకున్నాను. నిన్న సాయంత్రం నుంచి కుడి పక్కటెముకల మీద మంటగా ఉంది, ఈ ఉదయం అక్కడ నీటి పొక్కులు లేచాయి. జ్వరం చూశాను, 37.4 డిగ్రీల సెల్సియస్ ఉంది. సర్పి అని అనుమానంగా ఉంది. ఈ రోజే చూస్తారా? నేరుగా కీమో వార్డుకు రావచ్చా, వేరే చోటికి రావాలా?" ఆఖరి ప్రశ్న మరిచిపోకండి. కీమో వార్డు నిరీక్షణ గదిలో కూర్చునేవారందరూ మీలాగే రోగనిరోధక శక్తి తగ్గినవారు. ముందుగా చెబితే మిమ్మల్ని విడిగా ఒక గదిలో చూసే ఏర్పాటు చేస్తారు.

బయలుదేరేలోపు వాడుతున్న మందులన్నిటి జాబితా, ఆఖరి రక్తపరీక్ష కాగితం, ముఖ్యంగా తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ విలువలు దగ్గర పెట్టుకోండి. పొక్కులను మంచి వెలుతురులో ఒక ఫోటో తీయండి. దద్దురు హద్దు వెంట, పొక్కులకు కొంచెం ఎడంగా, ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద పెన్నుతో చుక్కలు పెట్టుకుంటే మరునాడు ఎంత పాకిందో ఊహించుకోనక్కరలేదు.

ఆలస్యం అసలు పనికిరాని లక్షణాలు

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఫోన్ చేసి జవాబు కోసం కూర్చోకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

- నుదుటి మీద, కనురెప్ప మీద, ముక్కు పక్కన పొక్కులు రావడం, కన్ను ఎర్రబడటం, చూపు మసకబారడం. ముక్కు కొన మీద పొక్కు ఉందంటే కంటికి కూడా వైరస్ చేరే అవకాశం బాగా ఎక్కువ. నొప్పి లేకపోయినా కంటి డాక్టరు అదే రోజు చూడాలి.
- చెవిలో పొక్కులు, ముఖం ఒక పక్క వాలిపోవడం, తల తిరగడం, వినికిడి తగ్గడం.
- మొదట వచ్చిన పట్టీకి దూరంగా, శరీరంలో వేర్వేరు చోట్ల పొక్కులు రావడం. పక్క నరం పరిధిని కూడా దాటి ఇరవైకి మించి పొక్కులు ఉంటే వైరస్ రక్తం ద్వారా పాకినట్టు లెక్క.
- ఆయాసం, తీవ్రమైన కడుపునొప్పి, భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, మాట తడబడటం, మగత, అయోమయం. ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు వైరస్ చేరితే ఇలా ఉంటుంది. కడుపునొప్పి పొక్కుల కంటే ముందే కూడా రావచ్చు.
- పిరుదుల మీద, మర్మావయవాల దగ్గర పొక్కులతో పాటు మూత్రం ఆగిపోవడం, లేదా కాలో చెయ్యో బలహీనపడటం.
- జ్వరం ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం, లేదా 38 డిగ్రీలు గంటసేపు అలాగే ఉండటం. ఫారెన్‌హీట్‌లో ఇవి 101, 100.4. మీ ఆసుపత్రి ఇంతకంటే తక్కువ హద్దు చెప్పి ఉంటే దాన్నే పాటించండి.

జ్వరం గురించి ఇంకొక్క మాట. కీమో నడుస్తున్నప్పుడు పారాసిటమాల్ వేసుకునే ముందు ప్రతిసారీ జ్వరం చూసుకుని రాసిపెట్టుకోవాలి. సర్పి నొప్పికని వేసుకున్న మాత్ర, తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు వచ్చే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ జ్వరాన్ని కప్పిపుచ్చగలదు.

మూడో అడుగు: వైరస్ మందును సరిగా వాడటం

సర్పికి ఇచ్చే ప్రధానమైన మందులు అసైక్లోవిర్, వాలసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్. కిడ్నీలు మామూలుగా పనిచేస్తున్న పెద్దవారికి సాధారణంగా అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు అయిదుసార్లు, వాలసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు, ఫామ్‌సైక్లోవిర్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు కనీసం ఏడు రోజులు ఇస్తారు. రోగనిరోధక శక్తి తగ్గినవారికి పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా పొడిగించడం పరిపాటి. ఈ అంకెలు మీకు రాసినదాన్ని అర్థం చేసుకోవడానికే గానీ సొంతంగా కొనుక్కోవడానికి కాదు, ఎందుకంటే కిడ్నీల పనితీరు తగ్గితే మోతాదు తప్పకుండా తగ్గించాలి.

జబ్బు తీవ్రంగా ఉన్నా, ఒంటి మీద పలుచోట్లకు పాకినా, కంటికి మెదడుకు సంబంధించిన లక్షణాలున్నా, వాంతుల వల్ల మాత్రలు నిలవకపోయినా, మూలకణ మార్పిడి జరిగి ఎక్కువ కాలం కాకపోయినా అసైక్లోవిర్‌ను రక్తనాళంలోకి ఎక్కిస్తారు. సాధారణంగా కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకొకసారి. ఆసుపత్రిలో చేరమన్నారని బెంబేలెత్తవద్దు. చాలామందికి పొక్కులు తగ్గుముఖం పట్టగానే మాత్రలకు మార్చి ఇంటికి పంపుతారు.

అసైక్లోవిర్‌ను రోజుకు అయిదుసార్లు వేసుకోవడం చెప్పినంత తేలిక కాదు. అలసటతో పగలు నిద్రపోయేవారికి ఒక డోసు ఇట్టే దాటిపోతుంది. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని వేళలు పెట్టుకుని, ఫోన్‌లో అయిదు అలారాలు పెట్టి, వేసుకున్న ప్రతి డోసుకూ కాగితం మీద గీత గీయండి. ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తరువాతి వేళ దగ్గర పడితే వదిలేయండి. రెండు కలిపి మాత్రం వేసుకోవద్దు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే ఫోన్ చేసి అడగండి. వాంతులు ఆగకపోతే ఇంట్లోనే ప్రయత్నిస్తూ రోజు గడపవద్దు.

ఈ మందులు కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. సిస్‌ప్లాటిన్, అధిక మోతాదు మెథోట్రెక్సేట్ వంటి క్యాన్సర్ మందులు కూడా కిడ్నీల మీద భారం వేసేవే. అందుకని నీళ్ళు బాగా తాగాలి. గుండెజబ్బు వల్లనో వాపుల వల్లనో నీటికి హద్దు పెట్టి ఉంటే ఎంత తాగవచ్చో అడగాలి. మూత్రం తగ్గినా, కొత్తగా చేతులు వణికినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మాటల్లో పొంతన లేకపోయినా మందు శరీరంలో పేరుకుపోతోందేమో చూడాలి. రోగికి తానుగా ఇది తెలియకపోవచ్చు కాబట్టి పక్కన ఉండేవారే గమనించాలి.

ఒక హెచ్చరికను మాత్రం గట్టిగా చెప్పాలి. కొన్ని దేశాల్లో సర్పికి బ్రివుడిన్ అనే మందు వాడతారు. 5-ఫ్లోరోయురాసిల్, కెపెసిటబిన్ తీసుకునేవారికి అది ప్రాణాంతకం. అది ఆ క్యాన్సర్ మందులు శరీరంలో విరిగిపోకుండా అడ్డుపడి వాటిని విషస్థాయికి పెంచుతుంది. ఈ రెంటి మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలని నియమం. మీ క్యాన్సర్ సంగతి తెలియని డాక్టరు రాసిన ఏ మందునైనా ఆంకాలజీ బృందానికి చూపించకుండా వేసుకోవద్దని చెప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

అసైక్లోవిర్ వెనుక ఉన్న శాస్త్రజ్ఞుల్లో ప్రముఖురాలు గెర్‌ట్రూడ్ ఎలియన్. తాతగారు క్యాన్సర్‌తో చనిపోవడం చూసి పదిహేనేళ్ళ వయసులో విజ్ఞానశాస్త్రం వైపు మళ్ళిన ఆమె, పిల్లల లుకేమియాకు నేటికీ వాడే 6-మెర్కాప్టోప్యూరిన్ తయారీలోనూ పాలుపంచుకున్నారు. 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకరు. క్యాన్సర్ రోగి చేతిలో ఈ మాత్రను చూసినప్పుడల్లా ఆమెను తలచుకోవాలనిపిస్తుంది.

నాలుగో అడుగు: క్యాన్సర్ చికిత్స సంగతి తేల్చుకోవడం

ఎక్కువమందిని వేధించే ప్రశ్న ఇదే: కీమో ఆగిపోతే క్యాన్సర్ పెరిగిపోదా? చాలా సందర్భాల్లో పొక్కులు పెచ్చు కట్టేదాకా తరువాతి కీమోను వాయిదా వేస్తారు, ఎందుకంటే రోగనిరోధక శక్తి ఇంకా పడిపోయిన సమయంలో వైరస్ విజృంభించే ప్రమాదం ఉంటుంది. ఆ వాయిదా ఎంతకాలం, అసలు వేయాలా వద్దా అన్నది క్యాన్సర్ రకం మీద, చికిత్స లక్ష్యం మీద ఆధారపడి ఉంటుంది. కొద్ది రోజుల ఆలస్యం మీ విషయంలో ఎంత తేడా చేస్తుందో నేరుగా అడగండి. అడగకుండా లోలోపల కుమిలిపోవడం కంటే జవాబు విని ఉండటం మేలు.

ఇంట్లో కీమో మాత్రలు మింగేవారు ఫోన్ చేసినప్పుడే "ఈ రాత్రి మాత్ర వేసుకోవాలా?" అని అడిగి తీరాలి. సొంతంగా ఆపవద్దు, సొంతంగా కొనసాగించవద్దు. హార్మోన్ మాత్రలను తరచుగా కొనసాగిస్తారు, కానీ అదీ వారి నోటినుంచే రావాలి. స్టెరాయిడ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం: సర్పి వచ్చిందని భయపడి రోజూ వాడే స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే శరీరం తట్టుకోలేదు, నొప్పి తగ్గుతుందని ఎవరో చెప్పారని కొత్తగా మొదలుపెడితే వైరస్‌కు అవకాశం ఇచ్చినట్టవుతుంది. రేడియేషన్ తీసుకుంటున్నవారు మరునాడు వెళ్ళే ముందే ఆ విభాగానికి చెప్పాలి.

అయిదో అడుగు: పొక్కులను చూసుకోవడం

పొక్కులున్న చర్మానికి కావలసింది శుభ్రత, తడి ఆరడం, రాపిడి లేకపోవడం. ఇంతకు మించి ఏదో పూయాలన్న ఆత్రుత మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. తెల్ల రక్తకణాలు తక్కువగా ఉన్నవారికి పగిలిన పొక్కు బాక్టీరియా లోపలికి పోయే దారి కనుక, ఇంటి పసర్లు, లేపనాలు, పేరు తెలియని ఆయింట్‌మెంట్లు ఏవీ వద్దు.

రోజుకు ఒకసారి గోరువెచ్చని నీటితో, ఘాటు లేని సబ్బుతో మెల్లగా కడిగి, శుభ్రమైన తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. మంట ఎక్కువైనప్పుడు చల్లటి నీటిలో తడిపి పిండిన శుభ్రమైన మెత్తని గుడ్డను పది పదిహేను నిమిషాలు వేసి తీసేయవచ్చు. ప్రతిసారీ కొత్త గుడ్డ వాడాలి. ఐసు నేరుగా పెట్టకూడదు, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారికి చల్లదనమే బాధ కలిగించవచ్చు. పగలని పొక్కుల మీద కాలమైన్ లోషన్ దురద తగ్గిస్తుంది. కారుతున్న పుండ్ల మీద మాత్రం అంటుకోని రకం గాజుగుడ్డను పొరగా వేసి, దాని మీద వదులుగా కట్టు కట్టాలి. ప్లాస్టర్ జిగురు నేరుగా దద్దురు మీద పడకూడదు. కట్టు పుండుకు అతుక్కుపోతే లాగకుండా, మరగకాచి చల్లార్చిన నీటితో గానీ సెలైన్‌తో గానీ బాగా తడిపి, నానాక వదులు చేయాలి. రేడియేషన్ పడే చోట ఏది పూయాలన్నా ముందు ఆ విభాగాన్ని అడగాలి.

పొక్కులను చిదమవద్దు, పెచ్చులను పీకవద్దు, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. చీము, దుర్వాసన, చుట్టూ వేడిగా పాకే ఎరుపు కనిపిస్తే అది బాక్టీరియా పని కావచ్చు, ఫోన్ చేయండి. తెల్ల రక్తకణాలు మరీ తక్కువగా ఉన్నప్పుడు చీము పట్టకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు కాబట్టి నొప్పి ఉన్నట్టుండి పెరగడాన్ని కూడా గుర్తుగా తీసుకోవాలి.

ఆరో అడుగు: నొప్పిని ఓర్చుకోకుండా చికిత్స చేయించుకోవడం

సర్పి నొప్పిని పంటి బిగువున భరించడంలో గొప్పతనమేమీ లేదు. నిద్ర పోతుంది, తిండి తగ్గుతుంది, చికిత్సను తట్టుకునే శక్తి తరిగిపోతుంది. పైగా తొలి రోజుల్లో నొప్పి ఎంత తీవ్రంగా ఉంటే అది తరువాత నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. అందుకని మొదటి సంప్రదింపులోనే నొప్పికి మందు అడగండి. పదిలో ఎంత ఉంది, ఏ రకంగా ఉంది, ఏ వేళ ఎక్కువవుతుంది, నిద్రకు ఎంత అడ్డుపడుతోంది అన్నవి రాసి చూపించండి.

జ్వరం చూసుకున్నాక పారాసిటమాల్ మొదటి మెట్టు. కాలేయ పరీక్షలు బాగోలేనివారికి మోతాదు మారుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి వాటిని అడగకుండా వేసుకోవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు అవి రక్తస్రావానికి దారితీస్తాయి, కిడ్నీలకూ చేటు చేస్తాయి. సర్పిది నరాల నొప్పి కనుక గబాపెంటిన్, ప్రెగాబలిన్, అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్ వంటివి ఇస్తారు. వీటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి రోజులు, వారాల మీద పెంచుతారు. రెండు రోజుల్లో తగ్గలేదని మానేస్తే వాటికి అవకాశం ఇవ్వనట్టే. మగత, తల తిరగడం తొలి రోజుల్లో ఉంటాయి. కీమోతో నీరసించినవారు రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్ళేటప్పుడు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి గదిలో చిన్న దీపం వెలుగుతూ ఉండాలి, లేచేటప్పుడు ఒకరు తోడుండాలి.

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ జాతి మందులు ఇస్తే వెనుకాడవద్దు, కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. గబాపెంటిన్, ప్రెగాబలిన్‌లతో కలిసినప్పుడు మగత, శ్వాస మందగించడం పెరుగుతాయి; లేపినా లేవనంత మగత ఉంటే అత్యవసరంగా తీసుకువెళ్ళాలి. రెండోది మలబద్ధకం, మొదటి రోజు నుంచే దానికి మందు కలిపి అడగండి. తెల్ల రక్తకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఎనీమా గానీ మలద్వారంలో పెట్టే మందులు గానీ వాడకూడదు.

లిడోకెయిన్ పట్టీలు చర్మం పూర్తిగా మానిన చోటే వేయాలి. సాధారణంగా 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేస్తారు. పగిలిన పొక్కుల మీద అవి పనికిరావు. దుస్తుల విషయంలో వదులైన నూలుబట్టలే మేలని అందరూ చెబుతారు, అది చాలామందికి నిజమే. అయితే కొందరికి రెపరెపలాడే వదులు బట్ట తగలడమే భరించలేని నొప్పి. అలాంటివారికి పొక్కులు మానాక ఒంటికి హత్తుకుని కదలకుండా ఉండే నున్నని లోచొక్కా హాయినిస్తుంది. రెండూ వేసి చూసి మీకు ఏది నప్పితే అది ఎంచుకోండి.

ఇంట్లో మిగతావారి సంగతి

మీ నుంచి ఎవరికీ సర్పి అంటదు. కానీ పొక్కుల్లోని నీరు తగిలితే, ఆటలమ్మ రానివారికి, టీకా వేయించుకోనివారికి ఆటలమ్మ రావచ్చు. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా ఆటలమ్మ రాని గర్భిణులు, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తక్కువైనవారు దూరంగా ఉండాలి. దద్దురును కప్పి ఉంచాలి, తువ్వాళ్ళు, పక్కబట్టలు విడిగా ఉంచి మామూలుగా ఉతకాలి, కట్టు మార్చేవారు చేతి తొడుగులు వేసుకుని తరువాత చేతులు కడుక్కోవాలి. కట్టు మార్చే పని ఇంట్లో ఆటలమ్మ వచ్చిపోయినవారికి అప్పగించడం మంచిది. పొక్కులు ఒళ్ళంతా పాకినప్పుడు గాలి ద్వారా కూడా వైరస్ వ్యాపించగలదు కనుక ఆసుపత్రిలో ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఆటలమ్మ రాని గర్భిణి ఎవరైనా ఇప్పటికే పొక్కులను తాకి ఉంటే ఆమె డాక్టరుకు ఆ రోజే చెప్పాలి. ముందుగా తెలిస్తే ఇవ్వగలిగే రక్షణ ఉంది.

వెలివేసినట్టు మాత్రం ఉంచనక్కరలేదు. ఆటలమ్మ వచ్చిపోయి ఆరోగ్యంగా ఉన్నవారు దద్దురు కప్పి ఉంటే ఒకే గదిలో కూర్చోవచ్చు, కలిసి తినవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. క్యాన్సర్ చాలక ఇది కూడానా అని కుంగిపోయిన మనిషికి ఆ చెయ్యి అవసరం. నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి పోయి రోజులు గడుస్తుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి. దానికీ చికిత్స ఉంది.

పొక్కులు మానిన తరువాత

దద్దురు మొదలైన తొంభై రోజుల తరువాత కూడా అక్కడ నొప్పి ఉంటే దాన్ని సర్పి తరువాతి నరాల నొప్పి అంటారు. వయసు పెరిగినకొద్దీ ఇది ఎక్కువ. చర్మం మానింది కదా అని డాక్టరు అడగకపోవచ్చు, మీరే చెప్పండి. నరాల నొప్పి మందుల మోతాదు సరిచేయడం, లిడోకెయిన్ పట్టీలు, ఆసుపత్రిలో వేసే 8 శాతం క్యాప్సైసిన్ పట్టీ, నొప్పి నిపుణుల సంప్రదింపు వంటి మార్గాలు ఉన్నాయి. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ వంటి కీమో మందుల వల్ల కాళ్ళూ చేతుల్లో వచ్చే తిమ్మిరి వేరు. అది రెండు వైపులా ఉంటుంది. రెండూ ఉంటే రెండింటినీ విడివిడిగా వివరించండి, ఎందుకంటే కీమో మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆ తేడా మీద ఆధారపడవచ్చు.

చికిత్స మళ్ళీ మొదలయ్యే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: సర్పి తిరిగి రాకుండా తక్కువ మోతాదులో వైరస్ మందు కొనసాగించాలా? బోర్టెజోమిబ్ వంటి మందులు వాడేవారికి అసలు సర్పి రాకముందే అసైక్లోవిర్ ఇస్తారు. దాత మూలకణాలు ఎక్కించుకున్నవారికి కనీసం ఏడాది పాటు ఇస్తారు. ఇప్పటికే అలా వాడుతున్నవారు బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానేయడం వల్ల సర్పి వచ్చే సందర్భాలున్నాయి.

టీకా ఇప్పుడున్న సర్పిని తగ్గించదు, మళ్ళీ రాకుండా కాపాడటానికి మాత్రమే. షింగ్రిక్స్ అనే టీకాలో సజీవ వైరస్ లేదు కనుక రోగనిరోధక శక్తి తగ్గినవారికీ వేయవచ్చు. అమెరికాలో 2021లో పద్దెనిమిదేళ్ళు నిండిన అటువంటివారికి కూడా అనుమతించారు. తమ మూలకణాలనే తిరిగి ఎక్కించుకున్న రోగులపై జరిగిన పరిశీలనలో అది సర్పి ముప్పును సుమారు 68 శాతం తగ్గించింది. రెండు డోసుల మధ్య సాధారణంగా రెండు నుంచి ఆరు నెలల ఎడం ఉంటుంది, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఒకటి రెండు నెలలకే రెండో డోసు వేయవచ్చు. సజీవ వైరస్‌తో చేసిన పాత టీకా జోస్టావాక్స్, అలాగే ఆటలమ్మ టీకా మాత్రం కీమో తీసుకునేవారికి పనికిరావు. కాబట్టి టీకా వేయించుకునేటప్పుడు పేరు చూసి, అది సజీవ టీకా కాదని నిర్ధారించుకోండి.

వేళ ఎంచుకోవడం కూడా ముఖ్యమే. సర్పి పూర్తిగా మానాలి, ఒంట్లో స్పందించే శక్తి ఉండాలి. కీమో ఇంకా మొదలుకానివారికి వీలైతే ముందే వేస్తారు. నడుస్తున్నవారికి రోగనిరోధక శక్తి మరీ అడుగంటిన రోజులను తప్పించి వేస్తారు. టీకాకు స్పందించే బి కణాలనే తెల్ల రక్తకణాలను తగ్గించే రిటుక్సిమాబ్ వంటి మందులు తీసుకునేవారికి తరువాతి డోసుకు కనీసం నాలుగు వారాల ముందు వేయడం మంచిదని సూచిస్తారు. పొక్కులు మానాక వెళ్ళే మొదటి సంప్రదింపులోనే రెండు డోసులకూ తేదీలు అడిగి, కీమో తేదీలు రాసుకున్న కాగితం మీదే వాటినీ రాయించుకోండి.